వడపోతకు లెక్క కట్టి, హార్మోనుకు పేరు పెట్టిన ఎర్నెస్ట్ స్టార్లింగ్

మన ఉర్దూ మిత్రులు సాహసవంతుని గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు అతనికి దిల్ గుర్దా ఉన్నదని అంటారు. దిల్ అంటే గుండె. గుర్దా అంటే మూత్రపిండం. ధైర్యానికి గుండె ఒక్కటే చాలదనీ, మూత్రపిండం కూడా గట్టిగా ఉండాలనీ చెప్పే ఈ నుడికారం మొదట వినేవారికి వింతగా తోచవచ్చు. కాని ఈ రెండు అవయవాల పనితీరును ఒకే జీవితకాలంలో పరిశోధించి, రెండింటిని గూర్చీ చిరస్థాయిగా నిలిచే సత్యాలను లోకానికి అందించిన శాస్త్రవేత్త ఒకరున్నారు. ఆయనే ఆంగ్ల శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ హెన్రీ స్టార్లింగ్. నేడు ప్రతి విద్యార్థి నోటా వినిపించే హార్మోను అనే పదాన్ని శాస్త్రానికి ప్రసాదించినవారు కూడా ఆయనే.

ఆరోగ్యవంతుడైన మనిషి మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుండి వడపోస్తాయి. అందులో మూత్రంగా బయటకు పోయేది ఒకటిన్నర లీటరు మాత్రమే. తక్కినదంతా తిరిగి రక్తంలో కలుస్తుంది. ఒక్కొక్క మూత్రపిండంలో దాదాపు 10 లక్షల సూక్ష్మమైన వడపోత యంత్రాలున్నాయి. సన్నని రక్తనాళికలు ఉండగా చుట్టుకొని ఏర్పడినవి కనుక వీటిని రక్తకేశనాళికా గుచ్ఛాలు అంటారు. మన పాఠ్యగ్రంథాలు వీటిని జల్లెడతో పోలుస్తాయి. పోలిక మంచిదే. కాని జల్లెడకు చెవులు లేవు. ఎవరు పంపిన వార్తనూ అది వినదు. మూత్రపిండంలోని జల్లెడ వింటుంది. శరీరంలో మరెక్కడో పుట్టిన రసాయన వార్తలను అందుకొని తన తీరును మార్చుకుంటుంది. వడపోత భౌతిక నియమాలకు లోబడిన వ్యాపారమని నిరూపించిన స్టార్లింగే రసాయన వార్తల ఉనికినీ నిరూపించడం, జీవిత చరమదశలో ఆ రెండింటినీ ఒకే మూత్రపిండంలో కలిపి చూడడం శాస్త్రచరిత్రలోని అపురూప ఘట్టాలలో ఒకటి.

స్టార్లింగ్ 1866 ఏప్రిల్ 17న లండనులో జన్మించారు. తండ్రి మాథ్యూ హెన్రీ స్టార్లింగ్ న్యాయవాది. మన దేశంలోని బొంబాయిలో ఉన్నత న్యాయాధికార పదవిలో పనిచేసేవారు. ఉద్యోగరీత్యా ఆయన ఏండ్ల తరబడి కుటుంబానికి దూరంగా ఉండవలసివచ్చింది. పిల్లల పెంపకభారమంతా తల్లి ఎలెన్ మీదనే పడింది. సంపన్న కుటుంబం కాదు. పదహారవ యేట, 1882లో, స్టార్లింగ్ లండనులోని గైస్ హాస్పిటల్ వైద్య విద్యాలయంలో చేరారు. పరీక్షలలో ప్రథముడుగా నిలిచి బహుమతులనేకం అందుకున్నారు. అందరూ ఆయన గొప్ప వైద్యుడు కాగలడని భావించారు. వైద్యవృత్తి వల్ల ధనమూ గౌరవమూ లభించే రోజులవి. పరిశోధనకు జీతం స్వల్పం. ప్రయోగశాలలు అంతకన్నా స్వల్పం.

1885లో ఆయన జర్మనీలోని హైడెల్‌బర్గుకు వెళ్ళి విల్‌హెల్మ్ క్యూనే ప్రయోగశాలలో కొంతకాలం పనిచేశారు. ఆ అనుభవం ఆయన దృష్టినే మార్చివేసింది. రోగిని చూసి మందు ఇవ్వడం ఒక ఎత్తు. ఆరోగ్యవంతమైన శరీరం ఎట్లా పనిచేస్తున్నదో తెలిసికోవడం మరొక ఎత్తు. రెండవది లేకుండా మొదటిది చీకటిలో తడవులాట వంటిదేనని ఆయనకు దృఢంగా తోచింది. స్వదేశానికి తిరిగివచ్చి గైస్‌లో శరీరధర్మ శాస్త్రం బోధించడం ప్రారంభించారు. తన గురుతుల్యుడైన లెనార్డ్ వూల్‌డ్రిడ్జ్ చిన్న వయస్సులో మరణించగా, ఆయన భార్య ఫ్లోరెన్సును 1891లో వివాహమాడారు. ఆమె విదుషీమణి. భర్త శాస్త్రకృషిలో ఆమె జీవితాంతం తోడునీడగా నిలిచారు.

1890 ప్రాంతంలో యూనివర్సిటీ కాలేజీలో స్టార్లింగుకు విలియం బేలిస్‌తో పరిచయం కలిగింది. ఇద్దరి స్వభావాలూ ఉత్తర దక్షిణ ధ్రువాలు. బేలిస్ కలవారి బిడ్డ, శాంతమూర్తి, నెమ్మదిగా, లోతుగా ఆలోచించేవారు. స్టార్లింగ్ ఆవేశపరుడు, తోచినది తోచినట్లు ముఖం మీద చెప్పేవారు, తలపెట్టిన పని ఆ క్షణమే పూర్తికావాలనే తొందర ఆయనది. అయినా వారి స్నేహం ముప్పది సంవత్సరాలకు పైగా చెక్కు చెదరలేదు. 1893లో బేలిస్ స్టార్లింగ్ చెల్లెలు గెర్‌ట్రూడ్‌ను వివాహమాడడంతో స్నేహం బంధుత్వంగా మారింది. ఒకరిలోని లోటును మరొకరు పూరించుకొన్న ఇటువంటి జంటలు శాస్త్రలోకంలో అరుదు.

ఆనాటికి మూత్రపిండాన్ని గూర్చి రెండు వర్గాల మధ్య తీవ్రమైన వివాదం నడుస్తూ ఉండేది. 1842లో జర్మన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ లుడ్విగ్, రక్తపీడనం చేత నీరూ లవణాలూ గుచ్ఛంలో వడకట్టబడుతున్నాయని ప్రతిపాదించారు. అదే సంవత్సరం ఇంగ్లండులో విలియం బౌమన్ ఆ గుచ్ఛాన్ని కప్పి ఉండే గుళికను వర్ణించారు. తరువాత బ్రెస్లౌ నగరవాసి రుడాల్ఫ్ హైడెన్‌హైన్ లుడ్విగ్ వాదాన్ని ఖండించారు. మూత్రాన్ని కణాలు తమ జీవశక్తితో స్రవింపజేస్తున్నాయే గాని అది కేవలం వడపోత కాదని ఆయన వాదం. శోషరసం కూడా అట్లే కణాల స్రావమని ఆయన నమ్మకం. హైడెన్‌హైన్ ఆ కాలంలో మహామహుడు. ఆయన మాటకు ఎదురాడే సాహసం కొద్దిమందికే ఉండేది.

స్టార్లింగ్ చేసిన పని చూడండి. దూరాన కూర్చుండి విమర్శించలేదు. 1892లో స్వయంగా బ్రెస్లౌకు వెళ్ళి, హైడెన్‌హైన్ ప్రయోగశాలలోనే శోషరసం మీద పనిచేశారు. ఆయన పద్ధతులన్నీ నేర్చుకొన్నారు. లండనుకు తిరిగివచ్చి బేలిస్‌తో కలిసి వివిధ అవయవాలలోని సన్ననాళికల పీడనాన్ని కొలిచారు. గురువు ప్రయోగాలు నిజమే. కాని ఆయన తీసిన సారాంశం అనవసరమని తేల్చారు. నాళికలలోని పీడనమూ, గోడలకు గల పారగమ్యతా తెలిస్తే శోషరసపు రాకపోకలను వివరించవచ్చు. అంతుపట్టని జీవశక్తిని రప్పించనక్కరలేదు.

అయితే ఒక చిక్కు మిగిలింది. పీడనం ద్రవాన్ని నాళికల నుండి వెలికి నెట్టుతున్నది సరే. ఆ ద్రవం తిరిగి నాళికలలోనికి ఎట్లా వస్తుంది? 1896లో స్టార్లింగ్ దీనికి సమాధానం చెప్పారు. రక్తంలోని మాంసకృత్తుల అణువులు పెద్దవి. అవి నాళికల గోడలను దాటిపోలేవు. లోపలనే నిలిచిన ఆ అణువులు నీటిని తమవైపు గుంజుకుంటాయి. దీనిని ద్రవాభిసరణ పీడనం అంటారు. ఒకవైపు నెట్టే బలం, మరొకవైపు గుంజే బలం; ఈ రెండింటి తక్కెడ ఎటు మొగ్గితే ద్రవం అటు పోతుంది. కుక్క కాలి కణజాలంలో లవణ ద్రావణం ఎక్కించి, ఆ కాలిగుండా రక్తాన్ని ప్రవహింపజేసినప్పుడు, ఆ ద్రావణం రక్తంలో కలిసి దానిని పలుచన చేసింది. ద్రావణానికి బదులుగా మాంసకృత్తులతో నిండిన సీరాన్ని ఎక్కిస్తే ఆ విధంగా పీల్చుకోబడలేదు. గుంజే బలం ఎక్కడున్నదో దీనితో తేటతెల్లమయింది. మాంసకృత్తులు తగ్గిన రోగికి కాళ్ళూ ముఖమూ ఎందుకు ఉబ్బుతాయో వైద్యలోకానికి కారణం తెలిసింది.

1899లో ఆయన ఇదే తక్కెడను మూత్రపిండపు గుచ్ఛాలకు అన్వయించారు. రక్తంలోని మాంసకృత్తులు గుంజే బలం సుమారు 25 నుండి 30 మిల్లీమీటర్ల పాదరస పీడనానికి సమానమని కొలిచారు. గుచ్ఛంలోని రక్తపీడనం ఈ బలాన్ని మించితేనే వడపోత సాగాలి. ధమనులలోని పీడనం బాగా పడిపోయినప్పుడు మూత్రం ఆగిపోవడానికి కారణం ఇదే. అరవై ఏండ్ల వివాదానికి అంకెల రూపంలో సమాధానం దొరికింది. ఆ సంవత్సరమే స్టార్లింగ్ రాయల్ సొసైటీ సభ్యులుగా ఎన్నికై, యూనివర్సిటీ కాలేజీలో జోడ్రెల్ ఆచార్యపీఠాన్ని అధిష్ఠించారు. అప్పటికి ఆయన వయస్సు 33.

ఇంతవరకు స్టార్లింగ్ కృషి అంతా భౌతికబలాలను గూర్చినది. 1902 జనవరి 16న జరిగిన ప్రయోగం ఆయనను సరిక్రొత్త దారి పట్టించింది. జీర్ణాశయంలోని ఆమ్లం చిన్నప్రేగు మొదటి భాగాన్ని తాకగానే క్లోమగ్రంథి రసాన్ని స్రవిస్తుంది. ఈ వార్త ప్రేగు నుండి క్లోమానికి ఎట్లా చేరుతున్నది? నాడుల ద్వారానే అని రష్యా దేశపు ఇవాన్ పావ్లోవ్ వర్గం వారి సిద్ధాంతం. స్టార్లింగ్, బేలిస్ ఇద్దరూ మత్తు ఇచ్చిన కుక్కలో ప్రేగు భాగమొకదానికి నాడులన్నిటినీ తెంచివేసి, రక్తనాళాలను మాత్రం మిగిల్చి, అందులో ఆమ్లం పోశారు. క్లోమరసం యథాప్రకారం వచ్చింది. నాడులు లేకుండా వార్త చేరిందంటే అది రక్తంలోనే ప్రయాణించి ఉండాలి. స్టార్లింగ్ వెంటనే ఆ ప్రేగు లోపొరను గీకి, ఇసుకతోనూ ఆమ్లంతోనూ నూరి, వడకట్టి, ఆ రసాన్ని కుక్క రక్తనాళంలోనికి ఎక్కించారు. కొద్ది నిమిషాలలోనే క్లోమరసం ధారగా వచ్చింది. ఆ రసంలోని పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు.

ఈ వార్త పీటర్స్‌బర్గు చేరినప్పుడు పావ్లోవ్ తన శిష్యుని చేత అదే ప్రయోగాన్ని తన కళ్ళ ఎదుట చేయించారు. ఫలితం చూచి మౌనంగా తన గదిలోనికి వెళ్ళి, కొంతసేపటికి తిరిగివచ్చి, ఆంగ్లేయులు చెప్పినదే నిజమని ఒప్పుకున్నారు. ఓడినవాని ఔదార్యం కూడా శాస్త్రంలో భాగమే. గెలిచినవాడు పావ్లోవ్ పనిని చిన్నబుచ్చలేదు. నాడులకూ రసాయనాలకూ రెండింటికీ క్లోమం మీద అధికారం కలదని తరువాతి పరిశోధనలు తేల్చాయి.

1905లో లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో స్టార్లింగ్ క్రూనియన్ ఉపన్యాసాలిచ్చారు. ఒక అవయవంలో తయారై, రక్తంలో ప్రయాణించి, మరొక అవయవాన్ని పనికి పురికొల్పే ఇటువంటి రసాయనాలన్నిటికీ కలిపి ఒక పేరు కావలసివచ్చింది. ఉద్రేకింపజేయు, పురికొల్పు అనే అర్థం గల గ్రీకు ధాతువు నుండి ఆయన ఉపన్యాసంలో హార్మోను అనే పదం వెలువడింది. నాడీమండలం తంతి వంటిదైతే, హార్మోను ఉత్తరం వంటిది. ఉత్తరం ఊరంతా తిరిగినా చిరునామా గల ఇంటనే విప్పబడుతుంది. హార్మోను కూడా రక్తంతోపాటు శరీరమంతా తిరిగినా, దానిని గుర్తించే గ్రాహకాలు గల కణాల మీదనే పనిచేస్తుంది.

స్టార్లింగ్ జీవితంలో మచ్చగా కొందరు, పోరాటంగా కొందరు భావించే ఘట్టం ఒకటి ఈ నడుమనే జరిగింది. 1903 ఫిబ్రవరిలో బేలిస్ విద్యార్థుల ఎదుట ఒక గోధుమవన్నె కుక్కపై ప్రయోగం చేసి చూపించారు. ఆ కుక్కకు రెండు నెలల ముందే స్టార్లింగ్ శస్త్రచికిత్స చేసి ఉన్నారు. తరగతిలో కూర్చున్న స్వీడిష్ మహిళలిద్దరు కుక్కకు సరిగా మత్తు ఇవ్వలేదని ఆరోపించారు. స్టీఫెన్ కోల్‌రిడ్జ్ అనే న్యాయవాది ఆ ఆరోపణను బహిరంగసభలో వినిపించగా, బేలిస్ పరువునష్టం దావా వేసి గెలిచారు. న్యాయస్థానం ఇప్పించిన 2000 పౌండ్లను ఆయన కళాశాల పరిశోధనా నిధికి ఇచ్చివేశారు. అయితే ఒక జంతువును మరల ప్రయోగానికి వాడరాదన్న నిబంధనను తాము అతిక్రమించిన మాట నిజమేననీ, రెండవ కుక్కను చంపకుండా ఉండేందుకే అట్లా చేశామనీ స్టార్లింగ్ సాక్ష్యంలో దాచకుండా చెప్పారు. ఆ కుక్క జ్ఞాపకార్థం బాటర్సీలో 1906లో నిలిపిన విగ్రహం చుట్టూ అల్లర్లు చెలరేగి, 1910లో దానిని తొలగించవలసి వచ్చింది. నేడు జంతువులపై ప్రయోగాలకు కఠినమైన నియమాలున్నాయి, ఉండవలసినదే. మనం అనుభవిస్తున్న వైద్యజ్ఞానం వెనుక మూగజీవాల బాధ కూడా ఉన్నదని ఈ ఉదంతం మనకు గుర్తుచేస్తూనే ఉంటుంది.

ఆ తరువాత స్టార్లింగ్ దృష్టి గుండె మీదికి మరలింది. శరీరం నుండి వేరుపరచిన గుండెనూ ఊపిరితిత్తులనూ కలిపి సజీవంగా ఉంచే సాధనాన్ని 1912 నాటికి రూపొందించారు. గుండెకు ఎంత ఎక్కువ రక్తం వచ్చి గది ఎంతగా సాగితే, అది అంత బలంగా ముడుచుకొని ఆ రక్తాన్ని బయటకు పంపుతుందని సహచరులతో కలిసి 1914లో ప్రకటించారు. అంతకు పూర్వమే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆటో ఫ్రాంక్ ఈ దిశలో పనిచేసినందున, ఈ సూత్రాన్ని ఫ్రాంక్-స్టార్లింగ్ నియమమని పిలుస్తారు.

మొదటి ప్రపంచ సంగ్రామంలో ఆయన సైన్యంలో చేరి, విషవాయువుల నుండి సైనికులను కాపాడే మార్గాలను పరిశోధించారు. పై అధికారుల అజ్ఞానాన్ని సహించలేక ముక్కుసూటిగా విమర్శించేవారు. ఫలితంగా ఆయనను సలోనికా రణరంగానికి పంపించివేశారు. తిరిగివచ్చిన తరువాత ప్రజల ఆహార సమస్యను శాస్త్రీయంగా అధ్యయనం చేసే రాయల్ సొసైటీ సంఘానికి నాయకత్వం వహించారు. దేశాన్ని ఏలేవారికి విజ్ఞానశాస్త్ర పరిచయం లేకపోవడం జాతికి ప్రమాదమని ఆయన పదే పదే హెచ్చరించారు. బేలిస్‌కు 1922లో సర్ బిరుదు లభించింది, స్టార్లింగుకు లభించలేదు. నోబెల్ బహుమతి కూడా ఆయనను వరించలేదు. 1920లో పెద్దప్రేగు పుట్టకురుపునకు పెద్ద శస్త్రచికిత్స జరిగింది. ఆరోగ్యం మరల పూర్తిగా కుదుటపడలేదు.

సాధారణంగా ఈ దశలో మనిషి విశ్రాంతి కోరుతాడు. స్టార్లింగ్ మాత్రం తన యౌవనకాలపు ప్రశ్నకు, మూత్రపిండానికి, తిరిగివచ్చారు. ఎర్నెస్ట్ బాసిల్ వెర్నీ అనే యువ వైద్యుని తోడు చేసుకొన్నారు. తాను గుండె కోసం నిర్మించిన సాధనానికే ఒక మూత్రపిండాన్ని జతపరిచారు. నాడులు లేవు; మెదడు లేదు; తక్కిన శరీరం లేదు. గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండం మాత్రమే. ఆ ఒంటరి మూత్రపిండం విస్తారంగా, నీళ్ళవలె పలుచని మూత్రాన్ని స్రవించింది. హైడ్రోసయనిక్ ఆమ్లంతో మూత్రనాళికల కణాలను తాత్కాలికంగా స్తంభింపజేసినప్పుడు బయటకు వచ్చిన ద్రవం, మాంసకృత్తులు తీసివేసిన రక్తద్రవాన్ని పోలి ఉన్నది. అంటే గుచ్ఛంలో జరిగేది వడపోతయే. దానిని సవరించేది క్రింది నాళికలు. ఇరువది అయిదు సంవత్సరాల క్రితం ఆయన కట్టిన లెక్క నిజమైంది.

అసలైన ఘట్టం తరువాతిది. పీయూషగ్రంథి వెనుకభాగపు రసం అతిమూత్రవ్యాధిని తగ్గిస్తుందని 1913లోనే వైద్యులు గమనించారు. కాని ఆ రసం నాడుల మీద పనిచేస్తున్నదా, మరెక్కడనైనా పనిచేస్తున్నదా అన్నది తేలలేదు. స్టార్లింగ్, వెర్నీలు ఆ రసాన్ని తమ సాధనంలోని రక్తంలో కొద్దిగా కలిపారు. మూత్రం తగ్గింది; చిక్కబడింది; అందులోని లవణం హెచ్చింది. శరీరంతో సంబంధం లేని మూత్రపిండం కూడా ఆ హార్మోను మాటను స్వయంగా విన్నది. 1896 నాటి స్టార్లింగూ, 1902 నాటి స్టార్లింగూ ఆ గాజు గొట్టాల నడుమ కలుసుకొన్నారనవచ్చు. వారి ఫలితాలు 1920ల నడిమి సంవత్సరాలలో రాయల్ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి. ఆ హార్మోనునే నేడు వాసోప్రెస్సిన్ అంటున్నాము.

బేలిస్ 1924లో కన్నుమూశారు. స్టార్లింగ్ ఆరోగ్యం కోసం సముద్రయానానికి బయలుదేరి, 1927 మే 2న, ఓడ జమైకా ద్వీపంలోని కింగ్‌స్టన్ రేవు చేరుతుండగా మరణించారు. బంధుమిత్రులెవరూ చెంతలేరు. ఆయనను ఆ ద్వీపంలోనే ఖననం చేశారు. అప్పటికి ఆయన వయస్సు 61.

స్టార్లింగ్ తెరచిన ద్వారం గుండా తరువాతి తరాలు చాలా దూరం నడిచాయి. మూత్రపిండం హార్మోనుల మాట వినడమే కాదు, తాను కూడా వార్తలు పంపుతుంది. రక్తపీడనం తగ్గినప్పుడు అది రెనిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. 1898లో స్వీడన్‌లో టిగర్‌స్టెడ్, బెర్గ్‌మన్ అనువారు దీనిని కనుగొన్నారు. రెనిన్ వల్ల చివరకు ఆంజియోటెన్సిన్ అనే హార్మోను పుడుతుంది. గుచ్ఛానికి రక్తాన్ని తెచ్చే సన్నని ధమనిక ఒకటి, తీసుకొనిపోయే ధమనిక ఒకటి ఉంటాయి. ఆంజియోటెన్సిన్ రెండింటినీ ముడుస్తుంది గాని, పోయే ధమనికను మరింతగా ముడుస్తుంది. చెరువుకు నీరు వచ్చే కాలువను కొంత తెరచి ఉంచి, పోయే తూమును బిగిస్తే నీటిమట్టం పెరిగినట్లే, గుచ్ఛంలోని పీడనం పెరుగుతుంది. రక్తం తక్కువైన ఆపత్సమయంలో వడపోత ఆగిపోకుండా ఇది కాపాడుతుంది.

వడపోత కణాలు కూడా ఊరక కూర్చుండవు. గుచ్ఛంలోని నాళికలకు నడుమ ఊతగా నిలిచిన మెసాంజియల్ కణాలు ఆంజియోటెన్సిన్ తగలగానే కండరాలవలె ముడుచుకొంటాయి. వడపోతకు వీలైన వైశాల్యం తగ్గుతుంది. నాళికల వెలుపలివైపున పోడోసైట్లు అనే కణాలు వేళ్ళవంటి పాదాలను ఒకదానితో ఒకటి పెనవేసి, మాంసకృత్తులు జారిపోకుండా కాపలా కాస్తాయి. ఆంజియోటెన్సిన్‌కూ, ఇన్సులిన్‌కూ గ్రాహకాలు ఈ పాదకణాల మీద ఉన్నాయి. ఇన్సులిన్ సంకేతం ఈ కణాలకు అందకుండా చేసిన ఎలుకలలో, రక్తంలో చక్కెర పెరగకపోయినా, మూత్రపిండం మధుమేహ రోగి మూత్రపిండాన్ని పోలి చెడిపోయింది. గుండె గదుల నుండి వెలువడే మరొక హార్మోను ఇందుకు ప్రతిగా వచ్చే ధమనికను సడలించి వడపోతను పెంచుతుంది. రక్తం ఎక్కువై గుండె సాగినప్పుడు గుండె మూత్రపిండానికి పంపే కబురు అది. గుండె సాగడాన్ని గూర్చి నియమం చెప్పిన శాస్త్రవేత్త ఈ సంగతి తెలిసి ఉంటే ఎంత సంతోషించేవారో!

ఆపదలో మేలు చేసే వార్త, ఆపద గడచిన తరువాత కూడా ఆగకుండా వస్తూ ఉంటే కీడవుతుంది. మధుమేహంలోనూ, రక్తపుపోటులోనూ జరిగేది తరచుగా ఇదే. గుచ్ఛంలో పీడనం ఏండ్ల తరబడి హెచ్చుగా ఉంటుంది. పోడోసైట్ల పాదాలు చదునై, కొన్ని కణాలు ఊడిపోతాయి. పోయిన పోడోసైట్ స్థానంలో క్రొత్తది పుట్టడం దాదాపు అసాధ్యం. మాంసకృత్తులు మూత్రంలోనికి కారుతాయి. నష్టం ఎక్కువైతే రక్తంలో గుంజే బలం తగ్గి కాళ్ళు వాస్తాయి. స్టార్లింగ్ 1896లో చెప్పిన తక్కెడ ఇక్కడ మరల కనిపిస్తుంది. మన ఇండ్లలో మధుమేహం లేని కుటుంబం అరుదైన ఈ రోజులలో ఇది దూరదేశపు ముచ్చట కాదు. తాతగారి కాళ్ళవాపు వెనుకనో, అమ్మగారి మూత్రపరీక్ష కాగితం మీదనో ఇది ఉండవచ్చు.

కారణం తెలియడం వల్లనే చికిత్స సాధ్యమైంది. ఆంజియోటెన్సిన్ తయారీని అడ్డగించే కాప్టోప్రిల్ అనే మందును మొదటి రకం మధుమేహం వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్న రోగులపై పరీక్షించగా, మరణం, డయాలిసిస్, మూత్రపిండ మార్పిడి అనే మూడు ప్రమాదాలూ కలిపి దాదాపు సగానికి తగ్గినట్లు 1993లో ప్రకటించారు. ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటి మందులను వైద్యులు నేడు వాడుతున్నది, రక్తపీడనాన్ని తగ్గించడానికే కాక, బిగిసిన ఆ తూమును సడలించి వడపోత కణాలను కాపాడడానికి కూడా. వీటిని వైద్యుని సలహా మీద, రక్తపరీక్షలు చేయించుకుంటూనే వాడాలి. మూత్రంలో మాంసకృత్తుల పరీక్ష చాలా సులభమైనది. నొప్పి తెలియకముందే అది హెచ్చరిస్తుంది.

స్టార్లింగ్ చెప్పినదంతా అక్షరాలా నిలిచిందని అనరాదు. వెలికి పోయిన ద్రవంలో అధికభాగం నాళికల చివరనే రక్తంలోనికి తిరిగివస్తుందని ఆ తరువాత చాలాకాలం బోధించారు. చాలా కణజాలాలలో అది ప్రధానంగా శోషనాళాల ద్వారానే మరలుతుందని ఇటీవలి పరిశోధనలు చూపించాయి. ఇందువల్ల ఆయన కీర్తికి లోటు లేదు. హైడెన్‌హైన్ వంటి మహామహుని మాటనైనా పరీక్షించి చూచిన ఆయన, తన మాటను భావితరాలు పరీక్షించరాదని కోరుకొని ఉండరు.

విద్యార్థి మిత్రులు ఈ జీవితం నుండి గ్రహించదగినది ఇదే. స్టార్లింగ్ తనకు నచ్చని సిద్ధాంతాన్ని దూషించలేదు. దానిని నమ్మినవాని ప్రయోగశాలకే వెళ్ళి నేర్చుకొని, పిమ్మట కొలిచి చూపారు. తాను భౌతికవాదినని ముద్ర పడినా, సాక్ష్యం రసాయన వార్తలవైపు నడిపించినప్పుడు అటే నడిచారు. రోగం ముదిరినా ప్రశ్నను వదలలేదు. మనం పరీక్షలకోసం వల్లించే నిర్వచనాల వెనుక ఇటువంటి శ్రమ ఉన్నది. ప్రయోగశాలలో నిలిచినప్పుడు పుస్తకం ఏమి చెప్పిందోనని కాక, ఎదుట ఉన్న గాజుకుప్పె ఏమి చెబుతున్నదోనని చూడగల ధైర్యం మనకూ కలగాలి. గుండెనూ మూత్రపిండాన్నీ జీవితమంతా పరిశోధించిన ఆ మహనీయునికి నిజమైన దిల్ గుర్దా ఉన్నదనడంలో సందేహం లేదు.